మందు మానేసిన కొత్తలో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కి వెళ్తే అందరి ముందూ మాట్లాడాల్సిందేనా?

అక్కర్లేదు, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఏఏ మీటింగ్‌లో మీ వంతు వచ్చినా "ఈరోజు వింటాను" అని ఊరుకోవచ్చు. 1935లో అమెరికాలో మొదలైన ఈ సంఘంలో చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలు. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు.

మీటింగ్ అనగానే వచ్చే గుండెదడ, అరచేతుల్లో చెమట మాత్రం నిజమే. ఇన్నాళ్లూ మత్తు అణిచిపెట్టిన నాడులు మందు ఆగాక కొన్ని వారాలు అతిగా ఉలిక్కిపడతాయి. అందుకే పదిమందిని చూసినా టెన్షన్. విశాఖలోని గాజువాకలో ఉండేవారు తెలిసినవాళ్లు కనబడతారని జంకితే మధురవాడ వైపు ఏదైనా మీటింగ్ ఉందేమో చూసుకోవచ్చు. పది నిమిషాలు ముందే వెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చోండి. నిండిన గదిలోకి అడుగుపెట్టడమే అసలు కష్టం.

భయం తగ్గాక వెళ్దామనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తప్పించుకునేకొద్దీ అది పెరుగుతుంది. చేతులు బాగా వణుకుతున్నా, లేనివి కనబడుతున్నా మాత్రం ముందు డాక్టర్ దగ్గరికే.