వంటింటి సందేహాలు: బంగాళాదుంప వేపుడు కరకరలాడాలంటే

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా బంగాళాదుంప చుట్టూనే తిరిగాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే ఎంచుకుని జవాబిస్తున్నాం.

ప్రశ్న: బంగాళాదుంప వేపుడు ఎప్పుడు చేసినా ముక్కలు మూకుడుకి అతుక్కుని, సగం చితికి ముద్దగా అవుతోంది. నూనె చాలలేదేమో అని ఇంకాస్త పోస్తే, ఆ నూనె కూడా పీల్చుకుంటోంది తప్ప కరకరలాడడం లేదు. ఎక్కడ పొరపాటు జరుగుతోందండీ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పొరపాటు నూనెలో లేదండీ, తడిలో ఉంది. బంగాళాదుంపలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. ముక్క పైన తడి ఉన్నంతసేపూ ఆ పైపొర వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రబడి పొర కట్టాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. తడి ఆరేదాకా ముక్క మూకుట్లో ఉడుకుతూ ఉంటుందే గానీ వేగదు. అందుకే పొయ్యి వెలిగించకముందే సగం పని అయిపోవాలి.

అరకిలో దుంపలు తీసుకోండి. చెక్కు తీసి, ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు కోయండి. అన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే పెద్దవి ఉడికేలోపు చిన్నవి మాడతాయి. కోసినప్పుడు బయటపడే పిండి వేడి తగలగానే జిగురై, ముక్కల్ని ఒకదానికొకటీ మూకుడుకీ అతికిస్తుంది. మీ వేపుడు చితకడానికి మొదటి కారణం ఇదే. కాబట్టి నీళ్లు తేటగా కనిపించేదాకా రెండు మూడుసార్లు కడగండి. చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వడకట్టి, పొడి నూలుగుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దండి. నీళ్లు వడకట్టాం కదా అని ఈ తుడిచే పని చాలామంది వదిలేస్తారు. అది మాత్రం వదలకండి.

వెడల్పాటి ఇనప మూకుడు మంచిది. ముందు ఖాళీ మూకుడు బాగా వేడెక్కాలి. తర్వాత నాలుగు టేబుల్ స్పూన్ల నూనె. ఒక ముక్క వేసి చూస్తే వెంటనే సుయ్యిమనాలి. అప్పుడు మిగతావన్నీ ఒకే వరసలో పరచండి. పట్టకపోతే రెండు విడతలుగా వేయించండి. గుట్టగా పోస్తే కింది ముక్కల ఆవిరి పై ముక్కలకు తగిలి అన్నీ కలిసి ఉడుకుతాయి. మొదటి నాలుగైదు నిమిషాలు కదపొద్దు. పొర కట్టిన ముక్క తనంతట తానే మూకుడుని వదిలేస్తుంది. అట్లకాడకి ఇంకా మొరాయిస్తోందంటే మరో నిమిషం ఆగాలి. మీరు వెంటనే గీరుతూ ఉండుంటారు, పొర అడుగున మిగిలి ముక్క చితికేది అందుకే. ఒకసారి తిప్పాక మధ్యస్థంగా మంట ఉంచి, మూడు నిమిషాలకోసారి కదపండి. మొత్తం 18 నుంచి 22 నిమిషాలు పడుతుంది. మూత పెట్టకండి. ఈ సైజు ముక్క మూత లేకుండానే లోపలిదాకా ఉడుకుతుంది.

ఉప్పు చివరి రెండు నిమిషాల్లోనే వేయాలి. ముందే వేస్తే ముక్కలోని నీటిని పైకి లాగి, ఆరిన పొరని మళ్లీ తడుపుతుంది. పసుపు, కారం, వెల్లుల్లి కారం కూడా అప్పుడే. ఇరవై నిమిషాలు మంట మీద ఉంటే వెల్లుల్లి చేదెక్కుతుంది, కారం నల్లబడుతుంది. ఈ కొలతకి ఆరు ఎండుమిర్చి, ఎనిమిది వెల్లుల్లి రేకలు, చెంచా జీలకర్ర, కాస్త ఉప్పు కలిపి బరకగా దంచితే సరిపోతుంది. పోపు విడిగా చిన్న గరిటెలో వేయించి చివర్లో కలపడం మా పద్ధతి. కరివేపాకు కూడా అప్పుడే కరకరలాడుతూ ఉంటుంది.

ప్రశ్న: ఆలుగడ్డ ఫ్రై ఒక్కోసారి బాగా వస్తుంది. ఒక్కోసారి మాత్రం అదే నూనె, అదే మంట పెట్టినా పైన నల్లగా అయి లోపల పచ్చిగానే ఉంటుంది, తింటే కొంచెం తియ్యగా తగులుతుంది. కారణం చెప్పగలరు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అది కోల్డ్ స్టోరేజీలో చాలాకాలం ఉండి వచ్చిన గడ్డ. ఉత్తరాది పంట ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య తవ్వుతారు. మిగతా నెలలకి కావలసింది గిడ్డంగుల్లో 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఆ చలికి గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. చక్కెర ఎక్కువైన ముక్క లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. చిప్స్ కోసం వాడే కుఫ్రీ చిప్సోనా లాంటి రకాలను 10 నుంచి 12 డిగ్రీల దగ్గర నిల్వచేసేది ఈ చిక్కు రాకుండానే. ఈ కుఫ్రీ రకాలు సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ నుంచి వచ్చినవి. మన కూరగాయల అంగట్లో రకం పేరు చెప్పి అమ్మేవాళ్లు అరుదు కాబట్టి, ఇంటికి తెచ్చాక ఒక ముక్క వేయించి చూసుకోవడమే మార్గం. జహీరాబాద్ వైపు రబీ గడ్డ వచ్చే రోజుల్లో దొరికితే అది తీసుకోండి. పొట్టు పలచగా ఉంటుంది, నీరు కాస్త ఎక్కువ, వేగడానికి మరో మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కానీ తియ్యగా నల్లబడే బాధ తక్కువ.

తియ్యటి గడ్డలే ఇంట్లో ఉన్నాయా? చీకటిగా, గాలి ఆడే చోట బుట్టలో వారం పది రోజులు ఉంచండి, చక్కెర కొంత తగ్గుతుంది. అంత ఓపిక లేకపోతే కోసిన ముక్కల్ని మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, నీళ్లు పారబోసి, బాగా ఆరబెట్టి వేయించండి. చక్కెర కొంత ఆ నీళ్లతో పోతుంది. పచ్చి ఆలుగడ్డలు ఇంటి ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం మానేయండి, అక్కడా ఇదే జరుగుతుంది. రంగు ముదురు గోధుమ దాటనివ్వకండి, బాగా నల్లబడిన ముక్కల్లో ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. పచ్చగా మారిన భాగాన్ని, మొలకల్ని లోతుగా కోసి పారేయండి. గడ్డంతా పచ్చబడినా, చేదుగా ఉన్నా మొత్తం పారేయాల్సిందే. అందులోని సొలనిన్ అనే విష పదార్థం వేపుడు వేడికి పోదు.

ప్రశ్న: ఇక్కడ ఆదివారాలు పబ్బుల్లో పెట్టే రోస్ట్ పొటాటోలు పైన పెళుసుగా, లోపల వెన్నలా ఉంటున్నాయి. మేము శాకాహారులం. ఇంట్లో ఓవెన్‌లో చేస్తే పైపొర తోలులా సాగుతోంది.
– ఒక పాఠకురాలు, రీడింగ్, ఇంగ్లండ్

జవాబు: ముందుగా ఒక మాటమ్మా. అక్కడ ఈ దుంపల్ని సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో గానీ, గూస్ పక్షి కొవ్వులో గానీ కాలుస్తారు. బయట తినేటప్పుడు ఏ కొవ్వు వాడారో అడిగి తినండి. ఇంట్లో పొద్దుతిరుగుడు నూనెతో అంతే చక్కగా వస్తాయి. వాసన కోసం నూనెలో మూడో వంతు నెయ్యి కలపండి. వెన్న వద్దు, అందులోని పాల పదార్థం ఆ వేడికి మాడుతుంది.

మారిస్ పైపర్ లేదా కింగ్ ఎడ్వర్డ్ రకం తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు పెళుసుదనం కావాలంటే రసెట్, లోపలి మెత్తదనం కావాలంటే యూకాన్ గోల్డ్ వాడుకోవచ్చు. సలాడ్ల కోసం అమ్మే చిన్న గట్టి దుంపలు దీనికి పనికిరావు.

కిలో దుంపలు చెక్కు తీసి ఐదు సెంటీమీటర్ల ముక్కలు చేయండి. రెండు లీటర్ల నీళ్లలో 20 గ్రాముల ఉప్పు, అర టీస్పూన్ వంటసోడా వేసి మరిగించి, ముక్కలు వేసి పది నిమిషాలు ఉడికించండి. చాకు తేలిగ్గా దిగాలి, అంచులు కాస్త కరుగుతున్నట్టు ఉండాలి. దుంప కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్‌ని సోడా వదులు చేస్తుంది, పైభాగం త్వరగా పిండిపిండిగా అవుతుంది. చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది కాబట్టి ఆ నీళ్లలో పులుపు పడనివ్వకండి. సోడా కూడా ఎక్కువైతే దుంప సబ్బు రుచి వస్తుంది.

వడకట్టాక ఐదు నిమిషాలు చిల్లుల గిన్నెలోనే వదిలేయండి. ఆవిరంతా పోయి ముక్కలు తెల్లగా, పొడిగా కనబడాలి. మీ పైపొర సాగడానికి ఎక్కువగా ఈ ఐదు నిమిషాలు లేకపోవడమే కారణం. తర్వాత గిన్నెలో వేసి, ఐదు టేబుల్ స్పూన్ల నూనె పోసి, మూత బిగించి గట్టిగా కుదపండి. ముక్కల చుట్టూ మెదిపిన దుంపలాంటి గరుకు పూత ఏర్పడాలి. మూకుడు వేపుడుకి పిండి కడిగేయమని చెప్పి ఇక్కడ పిండి పూత కావాలంటున్నామేమని అనుకోవచ్చు. అక్కడ అది పచ్చి పిండి, అతుక్కుంటుంది. ఇక్కడ ముందే ఉడికిన పిండి, నూనె పట్టించాక ఓవెన్ వేడికి ఎండి పెళుసైన పెంకులా మారుతుంది. కుదిపే ముందు రెండు టేబుల్ స్పూన్ల బొంబాయి రవ్వ చల్లితే ఇంకా గరుకుగా వస్తుంది.

ఓవెన్ 220 డిగ్రీలు, ఫ్యాన్ ఉన్నదైతే 200. ట్రే కూడా లోపలే వేడెక్కాలి. ముక్కల మధ్య వేలెడు సందు ఉంచి పరచండి. మొదటి 20 నిమిషాలు ముట్టుకోకుండా, తర్వాత తిప్పి, మరో 25 నుంచి 35 నిమిషాలు కాల్చండి. వెల్లుల్లి కారం, కరివేపాకు వేసుకోవాలంటే ఆఖరి నాలుగు నిమిషాల్లోనే. మన ఊళ్లలో చిన్న ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) వాడేవాళ్లు పావుగంట ముందే వేడి చేసుకుని, ఒకసారికి అరకిలోకి మించకుండా పెట్టండి. తలుపు తెరిచిన ప్రతిసారీ వేడి చాలా పడిపోతుంది.

ప్రశ్న: గానుగ వేరుశనగ నూనెతో వేపుడు చేయొచ్చా? పొగ త్వరగా వస్తోంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు, రుచి దానికే ఎక్కువ. శుద్ధి చేయని నూనె కాబట్టి తక్కువ వేడికే పొగ వస్తుంది. మంట మధ్యస్థంగా పెట్టి, మరో ఐదు నిమిషాలు ఎక్కువ వేయించండి. 220 డిగ్రీల ఓవెన్‌కి మాత్రం రిఫైన్డ్ నూనే వాడాలి.

ప్రశ్న: రాత్రి మిగిలిన ఆలుగడ్డ ఫ్రై ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మెత్తగా, సాగుతూ ఉంటోంది. మళ్లీ కరకరలాడే దారి ఉందా? ఎన్ని రోజులు ఉంచొచ్చు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉందండీ. రాత్రంతా ముక్క లోపలి నీరు నెమ్మదిగా పైపొరలోకి పాకుతుంది. అందుకే అది మెత్తబడుతుంది. లోపలి పిండేమో చలికి బిగుసుకుంటుంది. మైక్రోవేవ్ లోపలి నీటిని ఆవిరి చేసి పైపొరకే తోస్తుంది, ఆ తడిని ఆరబెట్టే పొడి వేడి దానిలో ఉండదు. మీకు కావలసింది ఆ పొడి వేడే.

వెడల్పాటి పెనం మధ్యస్థంగా వేడెక్కాక ముక్కల్ని ఒకే వరసలో పరచండి. నూనె వెంటనే వేయకండి, చాలావరకు ముక్కల్లో ఉన్న నూనే కరిగి వస్తుంది. రెండు నిమిషాల తర్వాత కూడా పొడిగా ఉంటే ఒక చెంచా వేయండి. మూత లేకుండా ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, రెండు మూడుసార్లు తిప్పుతూ వేడి చేయాలి. ఎయిర్ ఫ్రయర్ ఉంటే 190 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదపండి. ఓవెన్‌లో అయితే 220 దగ్గర చిన్న ముక్కలకు పది నిమిషాలు, ఇంగ్లండ్ పద్ధతి పెద్ద ముక్కలకు 15 నుంచి 20. పెద్ద ముక్కలు లోపల చల్లగా ఉండిపోతుంటే ముందు మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెట్టి, వెంటనే పెనం మీదకి మార్చడం మంచి ఉపాయం.

రెండోసారి వేడిలో కారం, వెల్లుల్లి మాడతాయి. మిగులుతుందని ముందే తెలిస్తే ఆ భాగాన్ని కారం కలపకముందే తీసి పక్కన పెట్టుకోండి. ఉల్లిపాయ వేసిన వేపుడు మాత్రం మళ్లీ కరకరలాడదు, ఉల్లి నీరు వదులుతూనే ఉంటుంది. దాన్ని దోసెలో కూరగా పెట్టుకోవడం మేలు.

దాచే పద్ధతి కూడా ముఖ్యం. వేడిగా ఉండగా డబ్బాలో పెట్టి మూత వేస్తే మూతకి పట్టిన చెమ్మంతా ముక్కల మీదే రాలుతుంది. పళ్లెంలో పరిచి అరగంట చల్లార్చి, వెడల్పు డబ్బాలో అడుగున టిష్యూ కాగితం వేసి పెట్టండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మన ఎండాకాలంలో గంటలోపే. మూడు రోజుల్లో తినేయండి. ఒక్కసారే, తినేంత మాత్రమే, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చేయండి. రేకు కాగితంలో చుట్టి కాల్చిన దుంప మిగిలితే రేకు విప్పి ఫ్రిజ్‌లో పెట్టాలి. చుట్టినదాన్ని బయటే వదిలేస్తే గాలి తగలని ఆ చోట బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: పొద్దున ఏడింటికి పిల్లల డబ్బాలో పెట్టిన వేపుడు మధ్యాహ్నానికి కూడా కరకరలాడాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఐదారు గంటలు మూసిన డబ్బాలో పూర్తిగా అలాగే ఉండదమ్మా. మెత్తదనం తగ్గించగలం, అంతే. ముక్కలు సన్నగా కోసి, వేగడానికి ఇంకా ఐదు నిమిషాలుందనగా అరకిలోకి ఒక టేబుల్ స్పూన్ బియ్యప్పిండి, ఒక చెంచా శనగపిండి పొడిగా చల్లి కలియబెట్టండి. ఆ పూత తడిని కొంత ఆపుతుంది. పావుగంట పళ్లెంలో చల్లారాకే డబ్బాలో వేయండి. అన్నం, పప్పు ఉన్న గిన్నెలో కాకుండా విడి గిన్నెలో పెట్టండి, వేడి అన్నం ఆవిరే దీన్ని ఎక్కువగా చెడగొట్టేది.