ట్రైన్‌స్టాప్ చేయి కిందికి దిగకపోతే

లండన్ అండర్‌గ్రౌండ్ పాత ట్రైన్‌స్టాప్‌కు (ఎర్ర సిగ్నల్ దాటే రైలును ఆపేందుకు పట్టాల పక్కన ఉండే పరికరం) కంప్రెసర్ తగిలించినా దాని చేయి పైకే నిలబడి ఉందని, స్ప్రింగ్ పట్టేసిందేమోనని ఒకరు అడిగారు. స్ప్రింగ్ పట్టేయలేదు, బహుశా వాల్వ్ కాయిల్‌కు (గాలి దారి తెరిచే విద్యుత్ తీగచుట్టకు) కరెంటు అందక గాలి సిలిండర్‌లోకి వెళ్లడం లేదు.

ఆ చేయికి పైకి లేచి ఉండటమే సహజ స్థితి. స్ప్రింగ్ లేపుతుంది, గాలి దించుతుంది. గాలి పోయినా కరెంటు పోయినా చేయి లేచి, రైలు కింది ట్రిప్‌కాక్‌కు (బ్రేకులు వేయించే మీట ఉన్న వాల్వ్‌కు) తగిలి బ్రేకులు వేయిస్తుంది. డిస్ట్రిక్ట్ రైల్వే (ఇప్పటి లండన్ అండర్‌గ్రౌండ్ డిస్ట్రిక్ట్ లైన్) విద్యుదీకరణ కాలంలో లండన్‌కు వచ్చిన ఈ సూత్రం ఎంత చక్కటిదో!

1. గాలి మొత్తం బయటికి పంపేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ముందు వాల్వ్‌ను ఒంటరిగా పరీక్షించాలి. కాయిల్ మీద రాసిన వోల్టేజీ మాత్రమే ఇవ్వండి. రాత చెరిగిపోతే తక్కువ డీసీతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. 'టిక్' మని వినపడగానే ఆపండి.

2. టిక్ రాకపోతే కాయిల్ తెగిందేమో మల్టీమీటర్‌తో చూడండి.

3. టిక్ వచ్చాక గాలి ఇవ్వండి. అయినా దిగకపోతే పిస్టన్ ప్యాకింగ్ (గాలి కారకుండా ఆపే సీలు) ఎండిపోయి ఉండొచ్చు. సబ్బు నీళ్లు రాస్తే గాలి కారేచోట బుడగలు వస్తాయి.

4. కరెంటు తీసినా చేయి లేవకపోతే వాల్వ్ గాలి వదిలే రంధ్రం మూసుకుపోయినట్టు.

గడ్డపారతో నొక్కొద్దు. స్ప్రింగ్ వెనక్కి కొడితే వేళ్లు పోతాయి.