చైనా క్లాస్‌మేట్ల పేరాలు నేనే తిరగరాయనా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్ చేస్తున్నాను. 3,000 పదాల గ్రూప్ రిపోర్ట్ ఇచ్చారు. ఐదుగురం ఉన్నాం, మిగతా నలుగురూ చైనా వాళ్ళే. 'నీ ఇంగ్లిష్ బాగుంటుంది, నువ్వే ఫైనల్ చెయ్యి' అని వాళ్ళ ముక్కలన్నీ నాకు పంపారు. ప్రతి ముక్కా 'విత్ ద డెవలప్‌మెంట్ ఆఫ్ సొసైటీ' అని మొదలవుతుంది. రెండు వాక్యాలకో 'మోరోవర్'. అసలు సంగతి ఎక్కడో చివర్లో ఉంటుంది. సబ్మిషన్‌కి నాలుగు రోజులే ఉంది, మొత్తం నేనే తిరగరాసేయనా? పైగా లెక్చరర్ ఒకాయన 'వాళ్ళ సంస్కృతిలో కాపీ కొట్టడం తప్పు కాదు, చూసుకో' అన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్.
- ఇంగ్లండ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తిరగరాయొద్దమ్మా. మీరు రాసేస్తే అది మీ రిపోర్ట్ అయిపోతుంది. ప్రెజెంటేషన్‌లో ఎవరైనా ప్రశ్న వేస్తే నలుగురూ మీ మొహం చూస్తారు.

నేను అక్కడే ఒక యూనివర్సిటీలో పదకొండేళ్ళు రైటింగ్ ట్యూటర్‌గా చేశాను. వ్యాసం పట్టుకొచ్చిన పిల్లల పక్కన అరగంట కూర్చోవడం, అదీ నా ఉద్యోగం. వచ్చేవాళ్ళలో సగానికి పైగా చైనా పిల్లలే. మొదటి ఏడాది నేనూ మీలాగే ఎర్ర పెన్ను పట్టాను. పేపరంతా దిద్ది ఇస్తే థాంక్యూ చెప్పి వెళ్ళేవాళ్ళు, పై వారం అవే తప్పులతో వచ్చేవాళ్ళు.

ఆ 'విత్ ద డెవలప్‌మెంట్' బద్ధకంతో రాసింది కాదు. చైనా కాలేజీల్లో సీఈటీ-4 అని ఇంగ్లిష్ పరీక్ష ఉంటుంది. అందులో వ్యాసానికి 30 నిమిషాలు, 120 నుంచి 180 పదాలు. ఐఈఎల్‌టీఎస్‌లో పెద్ద వ్యాసానికి అడిగేదీ 250 పదాలే. అంత తక్కువ టైంలో మార్కులు రావాలంటే ఎత్తుగడా ముగింపూ జేబులో సిద్ధంగా ఉండాలి. దాన్ని వాళ్ళు 'మూబాన్' అంటారు, అంటే అచ్చు. మోరోవర్, బిసైడ్స్, లాస్ట్ బట్ నాట్ లీస్ట్ అన్నీ ఆ అచ్చులోవే. ఆ అచ్చుతోనే పరీక్ష గట్టెక్కి మీ క్లాసు దాకా వచ్చారు. దాన్ని తప్పు అంటే వాళ్ళకి అర్థం కాదు, 'ఇది ఆ పరీక్షది, ఈ రిపోర్ట్‌కి పనికిరాదు' అంటే వెంటనే అర్థమవుతుంది.

'ఆల్దో' తర్వాత 'బట్' కనిపిస్తే నవ్వకండి. చైనీస్‌లో 'స్వేరాన్' అని మొదలుపెడితే 'దాన్‌షి' అని అందుకోవడం మామూలు, అవి జంట మాటలు. ఇక 'ద' ఎక్కడ పెట్టాలో నాకే ఇప్పటికీ డౌటు. చైనీస్‌లోనూ లేదు, తెలుగులోనూ లేదు, ఏం చేస్తాం. ఇవి చివరి రోజు చూసుకునే చిన్న సంగతులు.

ఒకమ్మాయి బాగా గుర్తుంది. ఫోన్‌తో తాళం తీసి, పని అయ్యాక ఎక్కడంటే అక్కడ వదిలేసే అద్దె సైకిళ్ళు 2017 ప్రాంతంలో చైనా నగరాల నిండా వచ్చాయి కదా, వాటి మీద 2,500 పదాలు రాసి తెచ్చింది. మొదటి పేజీ అంతా సమాజాభివృద్ధి, రెండో పేజీ పర్యావరణం. చదువుతుంటే కామా కామాకీ నా చూపు తట్టుకుంటోంది. అవి చైనా కీబోర్డ్ కామాలు, ఒక్కోటీ చైనా అక్షరమంత జాగా తింటుంది. మధ్యలో రెండు పేరాల్లో ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నట్టుండి సన్నబడి, ఎడం ఎడంగా నిలబడ్డాయి. అది సిమ్‌సన్ అని, చైనా లిపి కోసం చేసిన ఫాంట్. వేరే ఫైల్ నుంచి తెచ్చి ఎక్కడెక్కడ అతికించిందో ఫాంటే చెప్పేస్తోంది. ఇలా ఆఖరి పేజీకి వచ్చాక, కింది నుంచి రెండో పేరాలో దొరికింది అసలు సంగతి. తను కట్టిన 199 యువాన్ల డిపాజిట్ ఒక కంపెనీ దగ్గర ఇరుక్కుపోయిందట. యూజర్ల డిపాజిట్లు కంపెనీ ముట్టుకోకుండా విడిగా ఉంచితే తప్ప ఈ వ్యాపారాన్ని జనం నమ్మరని రాసింది.

'ఇదే కదా నీ వ్యాసం! ఇంత కిందకి తోసేశావేం?' అన్నాను. 'ముందే చెప్పేస్తే దురుసుగా ఉండదా? చదివేవాళ్ళని మెల్లగా తీసుకెళ్ళాలి కదా' అంది. చైనీస్ వ్యాసానికి స్కూల్లో నేర్పే నడక ఒకటుంది: ఛీ, ఛంగ్, జ్వాన్, హ. ఎత్తుకోవడం, సాగించడం, మలుపు తిప్పడం, ముడి వేయడం. ఆ లెక్కన తన వ్యాసం ఉండాల్సినట్టే ఉంది. మార్కులు వేసే లెక్చరర్ మాత్రం మొదటి పేజీలో 'నేను చెప్పేది ఇదీ' అన్నది వెతుకుతాడు, కనపడకపోతే అసలు లేదనుకుంటాడు. 1966లో రాబర్ట్ కాప్లన్ అనే అమెరికన్ భాషావేత్త ఇంగ్లిష్ రాతను సూటి గీతగా, తూర్పు దేశాల రాతను సుడిగా బొమ్మ గీసి చూపించాడు. ఆ బొమ్మను తర్వాత చాలామంది తప్పుబట్టారు, మంచి పని చేశారు. డబ్బు పంపమని వాళ్ళమ్మకి పెట్టే మెసేజ్‌లో ఆ పిల్ల సుడులు తిరుగుతుందా? ఆ రోజు మేము చేసిందల్లా ఆ పేరాను కట్ చేసి మొదట్లో పెట్టడం. అది అక్కడికి చేరాక, సమాజాభివృద్ధి పేజీని తనే కొట్టేసింది.

మీ నలుగురి ముక్కల్లోనూ అలాంటి పేరా ఒకటి ఉండే ఉంటుంది. కింది నుంచి పైకి చదవండి, దొరుకుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు 'క్రిటికల్' అనే మాటతో. 'బీ మోర్ క్రిటికల్', అంటే చదివినదాన్ని ఇంకా తరచి చూడు అని, లెక్చరర్లు ఫీడ్‌బ్యాక్‌లో ఒక్క ముక్క రాసి పడేస్తారు. దానికి చైనీస్‌లో వాడే మాట 'పీపాన్'. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1966 నుంచి 76 దాకా, పీపాన్ అంటే మనిషిని పదిమందిలో నిలబెట్టి కడిగేయడం. మన 'విమర్శ' కూడా ఇలాంటిదే కదా. సాహిత్య విమర్శ అంటే ఒకటి, 'నన్ను విమర్శిస్తావా' అంటే ఇంకోటి. అందుకే కొందరు పిల్లలు పుస్తకం రాసిన పెద్దాయన్ని మనమేం అంటాంలే అని వదిలేసేవాళ్ళు, కొందరు 'ఈ రచయిత పొరబడ్డాడు' అని ఒక్క వాక్యం విసిరేసేవాళ్ళు. నేను ఆ మాటే వాడటం మానేశాను. 'ఈయన ఎవరిని చూసి ఈ మాటన్నాడు? మీ ఊళ్ళో అయితే చెల్లుతుందా?' అని అడిగేదాన్ని. ఇక పావుగంట ఆగకుండా మాట్లాడేవాళ్ళు. 'ఇప్పుడు చెప్పిందే రాయి' అనేదాన్ని.

టేబుళ్ళు, నంబర్లేసిన పాయింట్లు ఎక్కువ ఉంటే తీసేయకండి. బ్రిటన్‌లో 2004-07 మధ్య విద్యార్థుల అసైన్‌మెంట్లు 65 లక్షల పదాల మేర పోగుచేసి పెట్టారు. వాటిని పరిశీలిస్తే చైనా పిల్లలు బ్రిటిష్ పిల్లలకన్నా టేబుళ్ళు, జాబితాలు, 'వీ' అనే మాట ఎక్కువ వాడుతున్నట్టు తేలింది. మేనేజ్‌మెంట్ రిపోర్ట్‌లాంటి వాటికి మంచి టేబుల్ అందమే.

ఇక ఆ లెక్చరర్ గారి మాట. నేనైతే ఒప్పుకోను. చైనీస్‌లో గ్రంథచౌర్యానికి 'చావ్‌షీ' అని మాట ఉంది, అది పొగడ్త కాదు. థీసిస్‌లో ఎంత శాతం ఇంకోచోట ఉన్నదో సాఫ్ట్‌వేర్‌తో పట్టడాన్ని 'ఛాఛోంగ్' అంటారు, ఆ పేరు వింటేనే అక్కడి పిల్లలకి గుండె దడ. 2019 ఫిబ్రవరిలో జాయ్ త్యెన్‌లిన్ అనే నటుడి డాక్టరేట్‌ను బీజింగ్ ఫిల్మ్ అకాడమీ రద్దు చేసింది, కారణం కాపీయే. తప్పు కాదనుకునే దేశంలో అంత గొడవ ఎందుకవుతుంది? అలాగని మీ రిపోర్ట్‌లో సమస్య ఉండదనీ కాదు. అరగంట పరీక్షలో 'ఈ మాట ఎక్కడిది' అని ఎవరూ అడగరు, బట్టీ పట్టిన మంచి వాక్యానికి మార్కులే వస్తాయి. ఆ అలవాటు మీద, నాలుగు చోట్ల నుంచి వాక్యాలు తెచ్చి మాటలు అటూ ఇటూ మార్చి కుట్టేస్తారు. అది దొంగతనం అని వాళ్ళకి తోచదు, సాఫ్ట్‌వేర్ మాత్రం పట్టేస్తుంది.

కాబట్టి ఇవాళే అందరూ రెండు గంటలు ఒక టేబుల్ చుట్టూ కూర్చోండి. ఎవరి పేరా వాళ్ళనే నోటితో చెప్పమనండి, చైనీస్‌లో వాదించుకుంటే వాదించుకోనివ్వండి, మీరు వినండి. ప్రతి పేరా పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళచేతే రాయించండి. మిగతా మూడు రోజులూ కలిసి రాయడానికి.

ప్రశ్న: రెఫరెన్సుల్లో చైనా రచయితల పేర్లు పెట్టేటప్పుడు ఏది ఇంటిపేరో తెలియక గందరగోళంగా ఉంది.
- మరో పాఠకుడు

జవాబు: చైనా పత్రికల్లో ఇంటిపేరు ముందు, ఇంగ్లిష్ జర్నల్స్‌లో ఎక్కువగా వెనక. వాంగ్, లీ, జాంగ్ కనిపిస్తే మాత్రం అదే ఇంటిపేరు అనుకోవచ్చు, ఒక్కోటీ పది కోట్ల మందికి అటూ ఇటూగా ఉంది. ఇద్దరు వేర్వేరు వాంగ్‌లు తగిలితే, ఏపీఏ అనే రెఫరెన్సుల పద్ధతిలో, వ్యాసం మధ్యలో వాళ్ళని ప్రస్తావించేటప్పుడు పేరు మొదటి అక్షరాలు కూడా కలపాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఇది కొత్తేం కాదు. ఆ యూనివర్సిటీ ఈమెయిల్‌లో పదకొండేళ్ళూ నా ఇంటిపేరునే నా పేరనుకుని 'డియర్' అని పిలిచారు. సరిచేయమని రెండుసార్లు రాసి, వదిలేశాను.