టెక్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్‌లో నడిచిన డ్రైవర్ కొత్తదాంట్లో ఎందుకు కూలుతోంది?

ప్రశ్న: కడపలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం లినక్స్‌లో చిన్న క్యారెక్టర్ డ్రైవర్ (డేటాను బైట్ల వరుసగా ఇచ్చిపుచ్చుకుంటూ, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ లోపల నడిచే కోడ్) రాశాను. రైట్ ఫంక్షన్‌కు వచ్చే యూజర్ పాయింటర్‌ను (మామూలు ప్రోగ్రామ్ ఇచ్చే మెమరీ అడ్రస్‌ను) నేరుగా చదువుతున్నాను. ఎర్రముక్కపల్లి రూమ్‌లో ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. ల్యాబ్‌లోని కొత్త సిస్టమ్‌లో మాత్రం పేజీ ఫాల్ట్ అంటూ ఊప్స్ (కెర్నల్ తనలో తప్పు జరిగిందని ఇచ్చే ఎర్రర్ రిపోర్ట్) వస్తోంది. వచ్చే వారమే వైవా, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొత్త సిస్టమ్‌ను తిట్టుకోకండి. ఇన్నాళ్లూ మీ తప్పును కప్పిపెట్టింది పాత ల్యాప్‌టాపే. ఇంటెల్ ప్రాసెసర్లలో 2014 నాటి బ్రాడ్‌వెల్ తరం నుంచి స్మాప్ అనే కాపలా ఉంది. కెర్నల్ అనుమతి తీసుకోకుండా యూజర్ పేజీని ముట్టుకుంటే అక్కడే ఆపేస్తుంది.

అసలు పేజీ ఫాల్ట్, అంటే తాకిన మెమరీ పేజీ అందలేదని ప్రాసెసర్ కెర్నల్‌కు చెప్పడం, అనగానే కంగారు పడనక్కర్లేదు. ప్రోగ్రామ్ మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ ముందు అడ్రస్ మాత్రమే చేతిలో పెడుతుంది. 4 కేబీ పేజీ నిజంగా వచ్చేది దాన్ని మొదటిసారి తాకినప్పుడే, అదీ ఈ ఫాల్ట్ ద్వారానే. చిక్కల్లా అడ్రసే తప్పైనప్పుడు. ప్రోగ్రామ్ తప్పు చేస్తే దాన్ని చంపేస్తే సరిపోతుంది. కెర్నలే చేస్తే ఎవర్ని చంపాలి?

అందుకే యూజర్ మెమరీని కెర్నల్‌లోకి తెచ్చే కాపీ_ఫ్రమ్_యూజర్ ఫంక్షన్ వాడాలి. స్మాప్ అడిగే అనుమతి కూడా అదే తీసుకుంటుంది. అందులో ఫాల్ట్ రాగల ఇన్‌స్ట్రక్షన్లన్నీ ఎక్సెప్షన్ టేబుల్‌లో రాసి ఉంటాయి, 'ఇక్కడ ఫాల్ట్ వస్తే ఫలానా చోటికి దూకు' అని. తప్పు అడ్రస్ మీద ఫాల్ట్ వస్తే హ్యాండ్లర్ ఆ టేబుల్ చూస్తుంది. పేరుంటే అటు మళ్లిస్తుంది, లేకపోతే ఊప్స్. మీ లైను ఆ టేబుల్‌లో లేదు, అంతే.

ఒక్క మెలిక ఉంది, నేనూ అందులో పడి ఓ రాత్రంతా నిద్ర పోగొట్టుకున్నాను. ఆ ఫంక్షన్ తిరిగిచ్చేది ఎర్రర్ నంబర్ కాదు, కాపీ కాకుండా మిగిలిన బైట్ల లెక్క. 'సున్నా కంటే తక్కువా?' అని చూస్తే ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు, సగం కాపీ అయిన డేటాతోనే కోడ్ ముందుకెళ్తుంది. సున్నా కాకపోతే చాలు, మైనస్ ఈఫాల్ట్ (తప్పు అడ్రస్ అనే ఎర్రర్ కోడ్) ఇచ్చి బయటికి వచ్చేయండి.

కాపీ ఒక్కసారే చేయండి. రెండోసారి చదివేలోగా ఇంకో థ్రెడ్ ఆ డేటాను మార్చేయొచ్చు. స్పిన్‌లాక్ (ఇతరులు నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని మాత్రం కాపీ చేయొద్దు. పేజీ డిస్క్ నుంచి రావాల్సి వస్తే కెర్నల్ నిద్రపోతుంది, లాక్ పట్టుకున్నవాడు నిద్రపోకూడదు.

వైవాకు ముందు క్యూఈఎమ్‌యూ అనే వర్చువల్ మెషీన్‌లో ఓ టెస్ట్ చేసుకోండి. యూజర్ ప్రోగ్రామ్ నుంచి బఫర్ అడ్రస్‌గా 1 ఇచ్చి రైట్ పిలవండి. మైనస్ 1 తిరిగొచ్చి (డ్రైవర్ ఇచ్చిన మైనస్ ఈఫాల్ట్ యూజర్ ప్రోగ్రామ్‌కు ఇలాగే చేరుతుంది), ఎర్రర్‌ను మాటల్లో చెప్పే పెర్రర్ ఫంక్షన్ 'బ్యాడ్ అడ్రస్' అని చూపి, కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో ఊప్స్ లేకపోతే డ్రైవర్ సిద్ధమైనట్టే.