తాబేళ్ల కాపలాకి వస్తానన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఫిబ్రవరిలో కాలేజీ పిల్లలు నలభై మందిని బారువ తీరానికి తీసుకొస్తావు, రాత్రి తాబేళ్లని చూపిస్తావు, పొద్దున్నే ఒడ్డంతా శుభ్రం చేయిస్తావు, పనిలో పనిగా మొక్కలు నాటిస్తావు. సంతోషమే. కానీ ఈ మూడూ ఒకే నెలలో చేసే పనులు కావమ్మా. ఫోనులో చెబితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నాను.

ముందు మనుషుల లెక్క. నలభై మంది వద్దు, ఎనిమిది మంది చాలు. పక్కనున్న ఒడిశా గంజాం జిల్లాలో, ఋషికుల్య నది కడలిలో కలిసే చోట, ఒక్కో ఏడు ఈ ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకి వేలు ఒక్కసారే ఒడ్డెక్కుతాయి. అక్కడి వీడియోలు చూసి పిల్లలు వస్తారు. మన దగ్గర అలా కాదు. జనవరి నుంచి మార్చి దాకా ఒక్కొక్కటే వస్తుంది, ఎక్కడ ఎక్కుతుందో ఎవరికీ తెలీదు. తెల్లవార్లూ నడిచినా ఒక్కటీ కనబడని రాత్రులే ఎక్కువ. నలభై మందికి అంత ఓపిక ఉండదు. పది గంటలకి పాటలు మొదలవుతాయి, పదకొండుకి అందరి ఫోన్లలో లైట్లు వెలుగుతాయి. గుడ్లు పెట్టడానికి పైకి పాకే తాబేలు వెలుతురు గానీ అలికిడి గానీ పసిగడితే సగం దారిలోనే వెనక్కి తిరిగిపోతుంది. నా మొదటి ఏడాది నేనే టార్చి వేసి చూశాను. పక్కనున్న ముసలి గంగపుత్రుడు గట్టిగా అరవలేదు, నా చెయ్యి పట్టుకుని "ఆర్పీ బాబూ, తల్లి ఎల్లిపోద్ది" అన్నాడు. అప్పటికే వెళ్లిపోయింది.

టార్చికి ఎర్ర కాగితం రెండు పొరలు చుట్టండి. అదీ దారి చూసుకోవడానికే. తడి ఇసుక అంచునే నడవండి, మాటలు వద్దు. ఇసుక మీద సన్న ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ కనిపిస్తే ఆగిపోండి. జాడ ఒక్కటే ఉంటే అది ఇంకా పైనే ఉందని అర్థం. రెండుంటే వెనక్కి వెళ్లిపోయిందని.

పైన ఉంటే వెనక వైపు నుంచి, దూరంగా, కూర్చుని చూడండి. వెనక తెడ్డుకాళ్లని అరచెయ్యిలా ముడిచి, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, ఇసుక తోడి పక్కన పెడుతుంది. గుంట అడుగున్నర లోతు వచ్చాక ఆగి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు రెండేసి మూడేసి జారవిడుస్తుంది. మొత్తం వంద, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తరవాత ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టచిప్పతో దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. దగ్గర కూర్చుంటే ఆ దెబ్బలు మన కాళ్ల కింద ఇసుకలో తెలుస్తాయి. ముప్ఫై అయిదు, నలభై కేజీల ప్రాణి కదా. కళ్లలోంచి నీళ్లు కారడం చూసి మీ పిల్లల్లో ఎవరో ఒకరు ఏడుస్తారు. అది ఏడుపు కాదనీ, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా బయటికి పంపుతుందనీ చెప్పు. సెల్ఫీ మాత్రం ఒక్కటి కూడా వద్దు.

ఇప్పుడు అసలు మాట. గుడ్లు ముట్టుకోవద్దు. అటవీ శాఖ వాళ్లు గానీ, వాళ్లు పనిలో పెట్టుకున్న కాపలాదారులు గానీ గుడ్లు తీసి, అవి పొదిగేదాకా కాపాడే చోటుకి, అంటే కంచె వేసిన హేచరీకి మారుస్తారు. అది వాళ్ల పని. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులి ఏ షెడ్యూల్లో ఉందో ఈ తాబేలూ అదే మొదటి షెడ్యూల్లో ఉంది. చట్టం సంగతి అలా ఉంచు, నా సంగతి చెబుతాను. ఒక తెల్లవారుజామున కుక్కలు కెలుకుతున్న గూడు ఒకటి చూసి, మంచిపని అనుకుని గుడ్లన్నీ బకెట్లో వేసుకుని, సైకిల్‌కి తగిలించుకుని వచ్చి సరుగుడు తోట పక్కన పాతిపెట్టాను. నలభై అయిదు రోజులైంది, యాభై అయింది, అరవై దాటింది. తవ్వి చూస్తే ఒక్కటీ పిల్ల కాలేదు. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. గుడ్డు పడిన కొద్ది గంటలకే లోపలి పిండం పైపెంకుకి అంటుకుంటుందట. ఆ తరవాత గుడ్డుని తిప్పినా కుదిపినా అంతే. నేను వాటిని రాళ్ల రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ తెచ్చాను. ఇప్పుడు గూడు దొరికితే దాని మీద వల కప్పి, కుక్కల్ని తోలుతూ కూర్చుని, అటవీ శాఖకి ఫోన్ చేస్తాను. మీరూ అదే చెయ్యండి.

మార్చి, ఏప్రిల్‌లో తాబేలు పిల్లలు బయటికి వచ్చేటప్పుడు కూడా చేతులు కట్టుకునే ఉండాలి. నీళ్ల బకెట్లో పొద్దుటిదాకా ఉంచి, పెద్దమనుషులు వచ్చాక ఎండలో వదలడం చూశాను. పాపం, ఆ కాస్త బలం బకెట్లోనే ఈది ఈది అయిపోతుంది. ఇసుక మీద వాటంతట అవి పాకాలి, చీకటి ఉండగానే. అవి వెలుతురున్న వైపే పోతాయి. రిసార్టు బల్బు గానీ వీధి దీపం గానీ వెలుగుతుంటే కడలి వదిలేసి ఊళ్లోకి నడుస్తాయి. మీ వాళ్లకి చేతులు దురదగా ఉంటే పంచాయతీకి వెళ్లి, ఆ రోజుల్లో ఒడ్డు వైపు దీపాలు ఆర్పించమని అడగమను. దానివల్ల బతికే పిల్లలు ఎక్కువ.

శుభ్రం చేసే పని డిసెంబరులో పెట్టుకోండి, గూళ్లు లేనప్పుడు. గ్లాసులు, కవర్లు ఎవరైనా ఏరతారు. మీరు తెగిన నైలాన్ వల ముక్కలు ఏరండి, ఇసుకలో సగం పూడిపోయి ఉంటాయి. పలుగులు, ట్రాక్టర్లు వద్దు. ఏరిన చెత్త ఎక్కడికి పోతుందో ముందే మాట్లాడుకోండి. ఒకసారి ఎవరో వచ్చి ముప్ఫై బస్తాలు నింపి, వాటి పక్కన ఫోటో దిగి, బస్తాలు ఒడ్డునే వదిలేసి వెళ్లారు. మూడో రోజు పోటుకి మొత్తం మళ్లీ యథాస్థానం.

మొక్కల మాట. తుపాన్లకి అడ్డుగా ఉంటాయని అందరూ సరుగుడే నాటుతారు. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని ఏం చేసిందో చూసినవాణ్ణి, వద్దని ఎలా అంటాను? కానీ అలల దగ్గరికంటా నాటితే తాబేలుకి గుంట తవ్వడానికి చోటుండదు, వేళ్లు అడ్డొస్తాయి. పైగా నీడ పడి ఇసుక చల్లబడుతుంది. చల్లటి గూట్లో మగపిల్లలు, 29, 30 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ. కాబట్టి ఇసుక తిన్నెలకి ఇవతల, ఊరి వైపున నాటండి. తిన్నె మీద ఊదాపూల తీగ పాకి ఉంటుంది, దాన్ని పీకొద్దు. ఇసుకని పట్టి ఉంచేది అదే.

ఒడ్డున చచ్చిన తాబేళ్లు కనిపిస్తాయి, పిల్లలకి ముందే చెప్పు. ఊపిరికి పైకి రావాల్సిన ప్రాణి, ట్రాలర్లనే పెద్ద మరపడవల వలలో చిక్కితే మునిగి చస్తుంది. అది చూసి మీ వాళ్లు తెప్పల దగ్గర కూర్చున్న వాళ్లతో గొడవకి దిగుతారేమో, అదొక్కటీ చూసుకో. మన ఊరి వాళ్లవి చిన్న పడవలు. వలలో తాబేలు పడితే కూర్మనాథుడని దణ్ణం పెట్టి, వల కోసైనా వదిలేసే వాళ్లని నా కళ్లతో చూశాను. కోసిన వల డబ్బులు వాళ్ల జేబులోవే. ముందు వాళ్లతో టీ తాగండి. రాత్రి ఏ వైపు నడవాలో వాళ్లే చెబుతారు.

డిసెంబరులో ఎనిమిది మందితో రా. గోనె సంచులు నేను చూస్తాను. ఎర్ర జిలుగు కాగితం ఇక్కడ కొట్లో అయిపోయింది, శ్రీకాకుళంలో నాలుగు షీట్లు కొనుక్కురా. మీ అత్త నీకోసం జీడిపప్పు దాచి ఉంచింది, ఎనిమిది మందికీ సరిపోదట, ఆ సంగతి వాళ్లకి చెప్పకు.

ఇట్లు,
మావయ్య