శనివారం పన్ను పీకించే ముందు

చి.సౌ. పద్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

చిన్నదాని కింది దవడ పన్ను పుచ్చి బాగుచేయడానికి వీల్లేకుండా పోయిందని, శనివారం పీకించి ఆ ఖాళీ మూసుకుపోకుండా తీగ క్లిప్పు వేయిస్తావని మీ అమ్మ చెప్పింది. 7 ఏళ్ల పిల్ల గురించి అంత ముందుచూపు చూశావని మురిసిపోయాను. "పాలపన్నేగా, క్లిప్పెందుకు" అని మీ అత్తగారు అంటున్నారని వినగానే మాత్రం గుండె గుభేలుమంది.

ఆ మాట ఒకప్పుడు నేనే అన్నాను తల్లీ. మీ అన్నయ్యకూ అదే వయసు, అదే పన్ను. రాత్రంతా లవంగనూనె దూది పెడుతూ కూర్చుని, తెల్లారగానే పీకించాను. డాక్టరుగారు తీగ వేద్దామంటే, ఎలాగూ ఊడిపోయే పన్నుకి ఖర్చెందుకన్నాను. ఆ పన్నుని పేడలో పెట్టి వాడి చేతే పెంకుల మీదికి విసిరించాను. దాని వెనకే కొత్తగా వచ్చిన దవడ పన్నుంది చూశావూ, అది ఊడేది కాదు, జన్మంతా ఉండేది. అది మెల్లగా ముందుకు ఒరిగి ఖాళీ అంతా ఆక్రమించేసింది. 11 ఏళ్లకి అడుగునుంచి రావలసిన పన్ను దారిలేక నాలుకవైపు పొడుచుకొచ్చింది. అన్నం తింటుంటే నాలుక ఒరుసుకుపోయేది. ముద్ద బుగ్గన పెట్టుకుని నా వంక చూసేవాడు, అంతే. తర్వాత రెండేళ్లకు పైగా పళ్లకు తీగలు కట్టించాం. వాడెన్నడూ నన్నొక మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే ముందు ఎక్స్‌రే తీయించు. కింద శాశ్వత పన్ను మొగ్గ ఉందో లేదో తెలుస్తుంది, కొందరికి పుట్టుకతోనే ఉండదు. అలా లేకపోయినా, ఇప్పుడే ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో బిగించే కట్టుడు పన్ను, పెడతామంటే ఒప్పుకోకు. దవడ ఎదగడం పూర్తయ్యాకే అది, 18 దాటాలి. ముందే బిగిస్తే చుట్టూ ఎముక ఎదిగిపోయి అది పక్క పళ్లకన్నా కిందే ఉండిపోతుంది.

జీళ్లు, పల్లీపట్టీలు మానిపించు, క్లిప్పు ఊడొస్తుంది. ఊడితే అదే రోజు తీసుకెళ్లు, "సెలవుల్లో చూద్దాం" అన్నావంటే ఊరుకోను. కొత్త పన్ను తొంగిచూడగానే తీయించెయ్యి.

అత్తగారితో నేను మాట్లాడతాను, నువ్వు ఎదురు చెప్పకు. శుక్రవారం రాత్రి బస్సుకే వస్తున్నాను. పీకిన పన్ను మాత్రం అక్కడ పారేయనివ్వకు. మీకు పెంకులు లేకపోతేనేం, డాబా మీదికి దాని చేతే వేయిద్దాం.

మీ పెద్దమ్మ