ఉబ్బరం, పుల్లత్రేన్పులు: ఆయుర్వేదం చెప్పే ఆరు దశల్లో నేను ఎక్కడున్నట్టు?

మీరు అడిగింది ఇదీ: కొన్నాళ్లుగా కడుపు ఉబ్బరం, ఈమధ్య పుల్లత్రేన్పులు, ఛాతీలో మంట. డాక్టరు చూసి భయపడాల్సిందేమీ లేదన్నారు. ఆయుర్వేదంలో జబ్బు ఆరు దశల్లో ముదురుతుందని ఎక్కడో చదివారు, మీది ఏ దశో తెలుసుకోవాలి.

నేను వైద్యం చదవలేదు. మా బాబాయి, అంటే పిన్ని భర్త, విజయవాడ నోరి రామశాస్త్రి కళాశాలలో ఆయుర్వేదం చదివి, సర్వీసంతా ప్రభుత్వ డిస్పెన్సరీల్లో చేసి రిటైరయ్యారు. ఆయన చెప్పగా విన్నదే నా చదువు.

ఆయన లెక్కలో మీ ఉబ్బరం మొదటి దశ, పుల్లత్రేన్పులూ మంటా రెండో దశ. సంచయం (పోగవడం), ప్రకోపం (రేగడం) అంటారు. తర్వాతవి ప్రసరం, స్థానసంశ్రయం, వ్యక్తి, భేదం. ఈ ఆరు పేర్లూ యూట్యూబులో ప్రతివాడూ అప్పజెబుతున్నాడు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో ఉన్న అసలు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. సంచయం లక్షణాల్లో కడుపు బిగదీయడం, ఒళ్లు బరువు, బద్ధకంతో పాటు ‘చయకారణ విద్వేషం’ అని ఒకటుంది. ఏ తిండి వల్ల దోషం (వాతం, పిత్తం, కఫం) పోగవుతోందో ఆ తిండి మీదే అయిష్టం పుడుతుందట. వైద్యానికి మొదటి అదను ఇదే అని కూడా సుశ్రుతుడు అక్కడే చెప్పాడు. అంటే మందూ మాకూ లేకుండా, టెస్టు లేకుండా, ఒళ్లే ‘నాకిది వద్దు’ అంటుంది. మన తెలుగిళ్లలో దాన్ని వినేవాళ్లెవరు?

ఒక కనుమ నాడు తణుకు దగ్గర మా అమ్మమ్మగారింట్లో అందరం భోజనాలకు కూర్చున్నాం. గారెలు, నాటుకోడి కూర, కొత్తబియ్యం అన్నం, చివర్న గడ్డపెరుగు. మా మామయ్య విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దమ్మా, పెరుగు పడట్లేదు, ఒళ్లంతా బరువుగా ఉంటోంది” అన్నాడు. “పండగ పూట పెరుగన్నం తినకుండా లేస్తావేంట్రా!” అని అమ్మమ్మ ఆ చేతి సందులోంచే ఓ గరిటెడు వేసేసింది. పక్కనుంచి అత్త ఒక అరిసె. అంతా నవ్వారు. మామయ్య తిన్నాడు, తిని వసారాలో నవారు మంచం మీద పడుకున్నాడు, నిద్రపట్టక పాదాలు రెండూ కిందికి దించి సిమెంటు గచ్చుకు ఆనించాడు.

బాబాయి ఇదంతా చూస్తూ కూర్చున్నారు. కాసేపాగి, “అరికాళ్లు మంటలా?” అని అడిగారు. “ఎండాకాలం నుంచీ ఉన్నాయి బావగారూ. నరాల బలహీనతట, బీకాంప్లెక్సు వేసుకుంటున్నాను.” “నోరు ఎండుతోందా?” “తలగడ పక్కన చెంబు ఉండాల్సిందే.” ఆ తర్వాత ఆయనడిగిన ప్రశ్నకు నేను ఉలిక్కిపడ్డాను. “బాత్రూములో చీమలు పడుతున్నాయా?” మామయ్య మొహం చిట్లించాడు. జవాబు వంటింట్లోంచి అత్త దగ్గర్నుంచి వచ్చింది: “ఆ సంగతి మీకెలా తెలుసు అన్నయ్యగారూ? చీమలమందు చల్లలేక చస్తున్నాను!”

ప్రమేహం అంటే ఇప్పుడు మనం షుగర్ అనేదానికి దగ్గరి జబ్బు. చరకుడు దానికి చెప్పిన పూర్వరూపాల్లో, అంటే జబ్బు బయటపడకముందు కనిపించే సూచనల్లో, ఇవన్నీ వరసగా ఉన్నాయి. చేతులూ కాళ్లూ మంటలు, తిమ్మిర్లు, నోరు ఎండటం, దాహం, సోమరితనం, మూత్రానికి చీమలు పట్టడం. ప్రమేహానికి కారణాలేమిటో చదివితే గోదావరి జిల్లా పండగ భోజనం చూసి రాసినట్టుంటుంది. హాయిగా కూర్చోవడం, హాయిగా నిద్రపోవడం, పెరుగు, ఊళ్లో పెంచే జంతువుల మాంసం, నీటి జంతువుల మాంసం, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు. ఆ సాయంత్రం బాబాయి ఈ శ్లోకం చదివి ఒక్కొక్కదానికీ అర్థం చెబుతుంటే అమ్మమ్మకు కోపం వచ్చింది. “మీ చరకుడు పండగలు చేసుకోలేదా ఏంటి?” అంది.

“మా వంశంలోనే షుగర్ లేదు” అన్న మామయ్యకు పరీక్షలో హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చింది. వెంటనే “పండక్కి అరిసెలు తిన్నాను కదా” అన్నాడు. అది గత రెండు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, నాలుగు అరిసెల మీదికి నెట్టేస్తే కుదరదు. ఇక్కడ ఆయుర్వేదం మీద మోజున్నవాళ్లు కాస్త ఆగి వినాలి. నెత్తురులో చక్కెర సుమారు 180 దాటితే గానీ మామూలుగా మూత్రంలోకి దిగదు. చీమలు పట్టేసరికి చరకుడి లెక్కలో అది ఇంకా పూర్వరూపమే, అంటే సుశ్రుతుడి ఆరు దశల్లో నాలుగోది. ల్యాబు లెక్కలో అయితే అది ఎప్పుడో షుగర్ జబ్బే అయిపోయింది. ల్యాబువాళ్లు హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్యలో ఉండగానే హెచ్చరిస్తారు. కాబట్టి చీమల కోసం ఎదురుచూడకుండా రక్తం ఇచ్చి రండి. మామయ్యను ఇంగ్లీషు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టించింది కూడా బాబాయే.

ఈలోగా మామయ్య ఎవరో చెప్పారని నలభై రోజుల్లో షుగర్ మాయం చేసే పొడి ఒకటి తెచ్చుకున్నాడు. డబ్బా మీద లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. బాబాయి కోపం అప్పుడు చూడాలి. సుశ్రుతుడు డబ్బులేని ప్రమేహ రోగిని చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, ఊరికొక్క రాత్రి చొప్పున ఆగుతూ వంద యోజనాలు నడవమన్నాడు, లేదంటే బావి తవ్వమన్నాడు. పొడి అమ్మేవాడు బావి మాట ఎందుకు ఎత్తుతాడు? ఆయుర్వేదం పేరు చెప్పి అమ్ముతున్నవాటిలో సగం ఆ శాస్త్రానికే అవమానమని నా గట్టి నమ్మకం. అలాగే పెద్దాసుపత్రుల ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు కూడా. డెబ్బై అంకెలు ప్రింటు తీసి చేతిలో పెడతారు, రాత్రి ఎన్నింటికి తింటున్నావని ఒక్కరూ అడగరు.

మూడో దశ ప్రసరం. దీనికి సుశ్రుతుడు ఇచ్చిన పోలిక మన వంటింట్లోదే అనిపిస్తుంది. పిండీ నీళ్లూ పులిపించే పదార్థమూ కలిపి రాత్రంతా ఉంచితే పొంగి పొర్లినట్టు, దోషాలు ఉన్నచోటు దాటి ఒళ్లంతా తిరుగుతాయట. దోసెలపిండి గిన్నె పొద్దున్నే చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. అలా తిరుగుతూ ఎక్కడ లోపం ఉంటే అక్కడ ఇరుక్కుంటాయి, అది నాలుగోది. అయిదోది జబ్బు పైకి కనిపించే దశ, దానికి పేరు పెట్టేదీ అప్పుడే. ఆరోది గడ్డయితే పగిలి పుండవడం, జ్వరం లాంటిదయితే దీర్ఘకాలం పాతుకుపోవడం.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కలో దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. ఈ 13.6 కోట్లలో ఎంతమంది విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే పక్కవాళ్లు ‘నా మీద ఒట్టు, ఇంకొక్కటి’ అన్నారో, నాకు ఆ లెక్క కావాలి. కొసరి కొసరి వడ్డించడం మర్యాద అనుకుంటాం. వద్దన్నవాడికి వడ్డించడం మర్యాద కాదు, మొదటి దశలో ఉన్నవాణ్ణి రెండో దశలోకి నెట్టడం. మా ఇంట్లో ఈ మాటన్నందుకు నన్ను పిసినారి అన్నారు, అననివ్వండి.

మీ సంగతికొస్తే, ఏ వంటకం చూస్తే ఈమధ్య మీకు తినబుద్ధి కావట్లేదో గమనించి, ఇంట్లో ఎవరేమనుకున్నా దాన్ని మానేసి చూడండి. రాత్రి భోజనం సీరియళ్లు అయ్యాక కాకుండా ఎనిమిదిలోపు ముగించండి, తినగానే పడుకోకండి. డాక్టరు రాయకుండా గ్యాస్ మాత్రలు నెలల తరబడి కొనుక్కుని మింగొద్దు. బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా వస్తున్నా దశలు లెక్కపెడుతూ కూర్చోకుండా వెంటనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఎండోస్కోపీ అంటే చేయించుకోండి.